చింతపండుతో తోమిన సైలెన్సర్

నాకు పుట్టుకతోనే చీదర ఎక్కువ. చిన్నప్పుడు అన్నంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూటకే కాదు, మర్నాటి దాకా తిండి సహించేది కాదు. పక్కింటాయన పొద్దున్నే ఖాండ్రించి ఉమ్ముతుంటే నేను ఇవతల చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇలాంటి మనిషి బతుకుతెరువుకు ఏ మందుల కొట్టో, పుస్తకాల కొట్టో చూసుకోవాలి. నేను ఊరి జనం కార్లకు పట్టిన మురికి తీసే పని పెట్టుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. తొక్కేది వాళ్ళు, కడిగేది నేను, అంతే తేడా.

ఈ తమిళ నగరం చివర, షోళింగనల్లూరులో పెద్ద రోడ్డు నుంచి రెండు మలుపులు లోపలికి మా రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు మీద కార్ డీటెయిలింగ్ అని రాయించాను. ఆ మాటకు అర్థమేమిటని రోజుకు నలుగురైనా అడుగుతారు. వాటర్ వాష్ అంటే నీళ్ళు కొట్టి, నురగ పూసి, తుడిచి పంపించేయడం. డీటెయిలింగ్ అంటే వేలు దూరని సందులో బ్రష్షు దూర్చడం, ఏసీ రెక్కల మధ్య దుమ్మును దూదిపుల్లతో తీయడం, సీటు కింద ఏనాడో పడి బూజుపట్టిన ఇడ్లీ ముక్కను వెలికి తీసి, ఆ కారు గలాయన ఎలాంటివాడో పూర్తిగా తెలిశాక కూడా నవ్వుతూ తాళం చేతికివ్వడం. ఈ పనిలో నాకు తెలిసిన సత్యం ఒకటే. కారు ఎంత ఖరీదైనదైతే దాని లోపల అంత రోత ఉంటుంది. చిన్న కారు వాళ్ళు ఆదివారం పూట తమ చేత్తో తుడుచుకుంటారు. పెద్ద కారు వాళ్ళు గోళ్ళు కూడా అందులోనే కత్తిరించుకుంటారు.

మాది ఈ పని కాదు. మా ముత్తాత కాలం నుంచి ఊరికి ఆ చివర జార్జి టౌన్‌లో ఇత్తడి పాత్రల టోకు కొట్టు. తోపుడు బండి ఒకటి అడ్డం తిరిగితే మనిషి నడవడానికి దారి ఉండని సందులో, నేల నుంచి కప్పు దాకా బిందెలు, గంగాళాలు, దీపపు సెమ్మెలు. మధ్యలో తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద మా నాయన కూర్చునేవాడు. ఆ కొట్లో మూడు పద్ధతులుండేవి. మూడూ ఎవరూ గోడ మీద రాయలేదు, కానీ అందరికీ తెలుసు.

మొదటిది, అమ్మిన పాత్ర తోమకుండా గడప దాటకూడదు. కూలీలు ఎంత తోమినా, ఆఖరున చింతపండు, ఇటుకపొడి పెట్టి ఒక్క చుట్టు నాయన తన చేత్తో తిప్పి ఇవ్వాలి. రెండోది, బేరం వచ్చినప్పుడు గుమాస్తాలు, కూలీలు లేచి నిలబడాలి, యజమాని లేవకూడదు. కూర్చునే నమస్కారం పెడతాడు. అది పొగరు కాదు, ఎవరితో మాట్లాడాలో కొత్తవాడికి అడక్కుండానే తెలియడానికి. మూడోది అన్నింటికన్నా గట్టిది. బేరగాడి ముందు యజమాని ఒక మాట అన్నాడంటే కొట్లో ఉన్నవాళ్ళెవరూ దాన్ని కాదనకూడదు. పొరపాటుగా అన్నా సరే, దాన్నే నిలబెట్టాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకాయనతో నాయన ఏదో గంగాళం కుంభకోణం సరుకని అంటే, నేను పక్కనుంచి కాదు నాయనా, నిన్న వేరే ఊరి నుంచి వచ్చింది గదా అన్నాను. ఆయన వెళ్ళేదాకా నాయన నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత నాకు పెట్టిన తొడపాశం రెండు వారాలు నల్లగా ఉంది.

పెళ్ళిళ్ళకు ఇత్తడి పెట్టడం తగ్గింది, స్టీలు వచ్చింది, ఆ తర్వాత అదీ ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. కొట్టు మూతపడింది. మేము ఊరికి ఈ చివర అద్దెకు దిగాము, నేను ఈ షెడ్డు పెట్టాను. నాయన నాలుగు నెలలు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు. పెట్టింది తిన్నాడు, పిలిస్తే పలికాడు, అంతే. అమ్మ లేదు, ఉంటే ఏదైనా అనేదేమో. ఒకరోజు తోడుగా ఉంటాడని షెడ్డుకు తీసుకొచ్చి, ముందు వైపు ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మర్నాడు తెల్లవారేసరికి ఆయన నున్నగా గడ్డం గీసుకుని, తలకు నూనె రాసుకుని, నా స్కూటర్ పక్కన నిలబడి ఉన్నాడు. ఆ కుర్చీ ఆయనకు ఎంత అవసరమో నాకు ఆరోజే తెలిసింది. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు, అందుకే ముందే చెబుతున్నాను.

నెల తిరక్కుండానే పనివాళ్ళకు ఇచ్చే నల్ల టీషర్టు తనకూ ఒకటి కావాలన్నాడు. "నేనొక్కణ్ణే తెల్లచొక్కాతో సుమ్మా, ఊరికే కూచోనుంటే ఎవురో ట్రాఫిక్ పోలీసోడనుకుంటారు రా," అన్నాడు. ఇచ్చాను. నేను పెట్టిన షరతు ఒకటే, కార్లు ముట్టుకోకూడదు. ఇత్తడి వేరు, ఇది వేరు. ఒక్కో కారుకు ఒక్కో రకం పూత ఉంటుంది, పొరపాటున గీత పడితే నా బతుకు గీత చెరిగిపోతుందని చెప్పాను. ఆయన సరి అన్నాడు. వచ్చే పోయే కార్లను, వాటి యజమానులను కుర్చీలోంచే చూసి నమస్కారం పెట్టేవాడు. లేచేవాడు కాదు. కొందరు అదేమిటన్నట్టు చూసేవాళ్ళు. నాకు కొంచెం ఇబ్బందిగా ఉండేది, కొంచెం సరదాగా కూడా ఉండేది.

ఆ స్పోర్ట్స్ కారు వచ్చింది ఆయుధపూజ అయిన మూడు వారాలకు. కారు కన్నా ముందు దాని మోత వచ్చింది. ఆ మోత విన్నప్పుడల్లా నాకు ఎవరో నిండు పంక్తిలో తేన్చినట్టు ఉంటుంది. కారు గల అబ్బాయికి ముప్పై దాటి ఉండవు. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడే ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్నాడు. నేను తెలుగువాణ్ణని తెలియగానే సంబరపడి, "మీ తెలుగు గమ్మత్తుగుంటది అన్నా, అరవం కలిసినట్టు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మేము ఈ ఊళ్ళో నాలుగు తరాలుగా ఉన్నాం, నీ భాషే నిన్న రైలు దిగింది అనాలనిపించింది. అనలేదు. ఆ అబ్బాయికి అలాంటి కార్లున్న స్నేహితులు ఇరవై మంది దాకా ఉన్నారు. ఆదివారం పొద్దున్నే గుంపుగా సముద్రం రోడ్డు మీద పోతారు. ఈ ఒక్క కారు బాగా చేసిస్తే ఆ ఇరవై కార్లూ నా షెడ్డుకు వస్తాయని నా లెక్క. అందుకని నవ్వాను.

"ఏసీ ఏస్తే ఏదో వాసనొస్తుంది అన్నా. ఇంజిన్ బే మొత్తం కొత్తదాని లెక్క కావాలె. ఇంకోటి, ఇటు రా," అని వెనక్కి తీసుకుపోయాడు. వెనకాల నాలుగు సైలెన్సర్ గొట్టాల మూతులు. లోపలంతా మసి. కానీ అంచు చుట్టూ లోహాన్ని వేడితో కాల్చి తెప్పించిన నీలం, లోపలికి పోయేకొద్దీ ఊదా, ఆ తర్వాత పసుపు. "ఈ బ్లూ కోసం ఎన్ని నెలలు తిరిగిన్నో తెల్సా. లోపలి మసి తియ్, దీన్ని మాత్రం మెత్తటి బట్టతో పైపైన తుడువు, చాలు," అన్నాడు. నాకు తెలుసు సార్ అన్నాను. నాకు నిజంగానే తెలుసు. ఆ సమయానికి నాయన షెడ్డు వెనక కుళాయి దగ్గర టిఫిన్ డబ్బా కడుక్కుంటున్నాడు. ఆయనకు చెప్పాలని నాకు తోచలేదు, ఆయన ముట్టుకోడు కదా.

సాయంత్రం వస్తానని ఆ అబ్బాయి క్యాబ్ ఎక్కి వెళ్ళిపోయాడు. నా దగ్గర పనిచేసే ఇద్దరూ ఆరోజు ఒక అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడవడానికి పోయారు. ఇంజిన్ చల్లారేదాకా ఆగి, బానెట్ ఎత్తాను.

పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ కొన్ని కుటుంబాల గురించి అనేది. బానెట్ ఎత్తగానే ఆ మాట గుర్తొచ్చింది, గుర్తొచ్చిన మరుక్షణం వాసన ముక్కుకు కొట్టింది. పూజనాడు ఎవరో ఇంజిన్ మీద బొరుగులు, వేరుశనగలు, బెల్లం, అరటిపండు పెట్టి హారతి ఇచ్చారు. ఇక్కడ అందరూ చేసే పనే. తీసేవాళ్ళు తీస్తారు, కొందరికి తీయాలని తోచదు. ఈ కారులో ఆ ప్రసాదమంతా సందుల్లోకి జారిపోయింది. దానికోసం ఎలుక వచ్చింది. బానెట్ అడుగున ఉండే మెత్తటి అట్టను కొరికి పీచు పీచు చేసి, బంతిపూల దండ ముక్కలతో కలిపి బ్యాటరీ పక్కన గూడు కట్టుకుంది. గూట్లో బొరుగులు నల్లగా తడిసి ముద్దయ్యాయి. అవి తడిసింది వానకు కాదు. ఆ ముద్దలో కళ్ళు తెరవని మూడు పిల్లలు, గులాబీ రంగువి, చచ్చి ఎండిపోయి ఉన్నాయి. తల్లి వాటికి కొంచెం ఇవతల పట్టీల మధ్య ఇరుక్కుని చచ్చింది. కదిలే పురుగులు కూడా ఉన్నాయి. అరటిపండు తొక్క పాకం కారి ఇంజిన్ మూత మీద బంకలా అంటుకుంది, దాని మీద ఎలుక పెంటికలు మిరియాల్లాగా అద్దుకుని ఉన్నాయి.

నేను పక్కకు పరిగెత్తి కాలవలోకి డోకాను. పొద్దున తిన్న పొంగల్ మొత్తం పోయింది. ఆ అబ్బాయి మీద పట్టరాని అసహ్యం వేసింది. ఇంత సొమ్ము పోసి కొన్నవాడికి ఒక్కసారి మూత ఎత్తి చూసుకోవడానికి చేతులు రాలేదా? ఈ వాసన మధ్య కూర్చునే వీడు సముద్రం గాలికి తిరిగింది?

వీపు మీద చెయ్యి పడింది. నాయన నీళ్ళ చెంబుతో వచ్చి, నేను పసివాణ్ణయినట్టు వీపు నిమురుతున్నాడు.

"చిన్నప్పటి మాదిరే ఉండావు రా. ఆడ ఏముండాది?"

"ఎలుకలు నాయనా. చచ్చినాయి."

"అంతేనా. నువ్వు ఈడ కూచో. రోత పడితే పనెట్ట జరుగుతాది?"

పాత తమిళ పేపరు ఒకటి తీసుకుని బానెట్ దగ్గరికి పోయాడు. కార్లు ముట్టుకోకూడదన్న షరతు నాకు గుర్తుంది. కానీ నేను నోరు మెదపలేదు. ఆయన చేతికి పేపరు చుట్టుకుని తల్లిని, పిల్లల్ని, గూటిని, బొరుగుల ముద్దను ఒక్కటొక్కటిగా తీసి, మూటగట్టి, పక్క ఖాళీ స్థలంలో గుంట తీసి పూడ్చి వచ్చాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఆయన ముఖంలో చీదర లేదు. పనయిపోయాక నేను లేచి, "ఇంక నువ్వు ముట్టుకోవద్దు నాయనా, పోయి కుర్చీలో కూచో," అన్నాను. కంపు పని అయ్యేదాకా ఊరుకుని, అది కాగానే షరతు గుర్తు చేశాను. ఇప్పుడు రాస్తుంటే ఇంత స్పష్టంగా కనిపిస్తోంది, అప్పుడు కనిపించలేదు.

బానెట్ దగ్గరికి పోతూ నాలో నేను గొణుక్కున్నాను. "ముందర ఇదొకటి, వెనకాల ఆ గొట్టాలొకటి. వాటి మసి చూస్తే మళ్ళీ డోకొస్తుంది. అది ఇంకో గంట పని." గొణుక్కున్నానని నేను అనుకున్నాను. ఆయన విన్నాడు.

తర్వాత రెండు గంటలు నేను ఆ ఇంజిన్ మీద వంగే ఉన్నాను. నీళ్ళు తగలకూడని చోట్లన్నీ ప్లాస్టిక్ కవర్లు చుట్టాను. జిడ్డు విరిచే మందు కొట్టి, మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి గీకుతూ వచ్చాను. ముక్కుకు రెండు మాస్కులు కట్టుకున్నా వాసన నాలుక మీదికి వచ్చేది. బెల్లం పాకం, పాత ఆయిలు, ఎలుక ఉచ్చ, మూడూ కలిసిన రుచి నోట్లో ఉన్నట్టే ఉండేది. తడిగుడ్డతో నాలుగుసార్లు తుడిచి, కంప్రెసర్ పెట్టి ప్రతి మూలా గాలి కొట్టాను. కంప్రెసర్ ఆన్‌లో ఉంటే పక్కన పిడుగు పడ్డా వినిపించదు. ఎత్తిన బానెట్ వెనక కారు మిగతా భాగం నాకు కనిపించదు. ఆఖరున నల్లటి ప్లాస్టిక్ భాగాలకూ, రబ్బరు గొట్టాలకూ పాలిష్ పూసి వెనక్కి జరిగి చూసుకున్నాను. అద్భుతంగా వచ్చింది. గర్వపడ్డాను.

కంప్రెసర్ ఆపాక వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది. కర్ కర్ మని, ఆగి ఆగి. నాకు చాలా పాత చప్పుడు. జార్జి టౌన్‌లో మేడ మీద పడుకున్నప్పుడు కింద కొట్లోంచి పొద్దున్నే వినిపించే చప్పుడు.

వెనక్కి వెళ్ళాను. నాయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన టిఫిన్ డబ్బా మూతలో నానబెట్టిన చింతపండు, ఒక కాగితం మీద ఇటుకపొడి. పక్కనే ఇల్లు కడుతున్నారు, అక్కడ ఇటుక ముక్క తెచ్చి నూరుకున్నట్టున్నాడు. చేతిలో కొబ్బరిపీచు. నాలుగు గొట్టాల్లో మూడు తెల్లగా తళతళలాడుతున్నాయి. పెళ్ళికి కొత్తగా కొన్న వెండి గ్లాసుల్లాగా, ముఖం కనిపించేటట్టు. నీలం లేదు, ఊదా లేదు, పసుపు లేదు. నాలుగో దానికి సగం దాకా వచ్చాడు.

"చూడు రా," అన్నాడు. ముఖమంతా వెలుగు. "లోపల మసి ఊరికే వచ్చేసినాది. ఈ అంచుకు ఎవురో మంట తగిలిచ్చి నీలం మరక పట్టిచ్చినారు. మాడిపోయిన గంగాళం మాదిరి ఉండాది. దాన్ని పోగొట్టేదానికే ఇంతసేపు పట్టినాది. నీకు డోకొస్తా ఉండాదని నేనే చేసేసినాను."

అరిచాను. ఏమరిచానో పూర్తిగా గుర్తులేదు. అది మరక కాదని, ఆ రంగు కోసమే ఆ అబ్బాయి డబ్బు పోశాడని, ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానని అరిచాను. ఆయన చేతిలో పీచు అలాగే ఉండిపోయింది.

"మరక కాదా?" అన్నాడు మెల్లగా. "కావాలనే మాడ్చినారా?"

జవాబు చెప్పేలోపు క్యాబ్ వచ్చి ఆగింది. ఆ అబ్బాయి చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశాడు.

ముందు వైపుకే వచ్చాడు. బానెట్ ఎత్తే ఉంది. లోపలికి చూసి, వంగి వాసన చూసి, "ఏం చేసినవన్నా, షోరూంల గూడ ఇట్ల లేకుండె," అన్నాడు. ఫోన్ తీసి నాలుగు ఫోటోలు కొట్టాడు. అవి స్నేహితులకు అక్కడికక్కడే పంపాడు. నేను చెమటలు తుడుచుకుంటూ, ఆ అబ్బాయి వెనక్కి పోకుంటే బాగుండునని దేవుడికి మొక్కుకుంటున్నాను. పోయాడు. నాయన అప్పటికి లేచి నిలబడి ఉన్నాడు. డబ్బా మూత చేతిలో ఉంది.

ఆ అబ్బాయి మోకాళ్ళ మీద కూర్చుని, తెల్లబడ్డ మూడింటినీ, సగం మిగిలిన నాలుగోదాన్నీ వేలితో తడిమాడు.

"ఎవరు చేసిన్రు ఇది?"

నాకు ఇరవై కార్లు కళ్ళముందు కనిపించాయి. ఇప్పుడే ఫోటోలు అందుకున్న ఇరవై మంది. నేను అన్న మాట ఇది. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"ముసలాయన సార్. కొత్తగా పనిలో పెట్టుకున్నాను. చెప్పింది వినడు. ఇవాళ్టితో పంపించేస్తాను."

నాయన నా వైపు చూడలేదు. చేతిలో మూత వైపు చూశాడు. ఒంటి మీద పనివాళ్ళ నల్ల టీషర్టు. చేతులకు చింతపండు రసం, మసి. నేను చెప్పిన మాటకు తగినట్టే ఉన్నాడు.

"తప్పయిపోయినాది సార్," అన్నాడు.

నా జీవితంలో మా నాయన నోట సార్ అన్న మాట విన్నది అదే మొదటిసారి.

ఆ అబ్బాయి లేచాడు. అరుస్తాడని, తిడతాడని, నేను కూడా తోడై నాలుగు మాటలు అనాల్సి వస్తుందని చూస్తున్నాను. అతను మా నాయన చేతుల వైపు చూశాడు.

"పోనీ తియ్ అన్నా. తెల్వక చేసిండు. ఎంత కష్టపడి రుద్దిండో చూడు. నేను మళ్ళ ఏపిచ్చుకుంట." తర్వాత గొంతు తగ్గించాడు, కానీ నాయనకు వినిపించేటంతగానే. "పనిలకెళ్ళి మాత్రం తీసెయ్యకు. ఈ వయసుల పనికొస్తుండంటే ఇంట్ల చూసుకునేటోళ్ళు ఎవరూ లేరేమో."

నాయన అన్నాడు.

"లేదు సార్. కొడుకుండాడు. బాగా చూసుకుంటాడు."

"మంచిది పెద్దాయనా. ఇగ కూసో, అలిసిపోయినవ్," అని కుర్చీ చూపించాడు ఆ అబ్బాయి. నాయన కూర్చోలేదు. కారు వీధి మలుపు తిరిగి, ఆ మోత పూర్తిగా వినిపించకుండా పోయేదాకా నిలబడే ఉన్నాడు. పొద్దుటినుంచి నేను ఎవరినైతే మనసులో బూతులు తిట్టుకున్నానో, ఆ మనిషి నా తండ్రి మీద నాకన్నా ఎక్కువ దయ చూపించి పోయాడు.

స్కూటర్ మీద ఇంటికి పోతున్నప్పుడు క్షమించమని అడగాలని ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నోరు తెరిచాను. "చింతపండు ఎందుకు తెచ్చినావు నాయనా?" అన్నాను. అడగాల్సింది అదా? ఎంత నీచపు ప్రశ్నో అడిగాక తెలిసింది.

"సాయంత్రం నీ స్కూటర్ తాళంచెవి ఇత్తడి బిళ్ళ తోమదామని పొద్దునే సంచిలో పెట్టుకోనుంటిని," అన్నాడు.

ఆరాత్రి చేతులు ఎన్నిసార్లు కడిగినా ఎలుక వాసన పోలేదు. పోయిందని నా భార్య అంది. నాకు పోలేదు. చచ్చిన ఎలుకను చూసి పేగులు తెగేలా డోకిన నేను, ఆ మాట అన్నప్పుడు డోకలేదు. అది గొంతులోంచి ఎంత సాఫీగా వచ్చిందో తలుచుకుంటే నా మీద నాకు పుట్టే అసహ్యం ముందు ఆ బొరుగుల ముద్ద ఎంత. పురుగులు పట్టింది ఇంజిన్‌లోనా, నాలోనా అని పడుకున్నాక చాలాసేపు ఆలోచించాను.

మర్నాడు నాయన ఎప్పటిలాగే గడ్డం గీసుకుని, నల్ల టీషర్టు వేసుకుని స్కూటర్ పక్కన నిలబడ్డాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. మరిచిపోయాడనుకున్నాను. షెడ్డులో కుర్చీలో కూర్చున్నాడు. పది గంటలకు ఎవరో మామూలు కారు తీసుకుని వచ్చారు. నాయన లేచి నిలబడ్డాడు. ఆ మనిషి మాట్లాడి, తాళం ఇచ్చి వెళ్ళేదాకా గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, తర్వాత కూర్చున్నాడు. ఇంకొకరు వచ్చారు, మళ్ళీ లేచాడు. కూచో నాయనా అన్నాను. "పరవాలేదు రా, సుమ్మానే," అన్నాడు. మా ఇద్దరిలో ఎవరికీ దాని అర్థం విడమరిచి చెప్పుకోవాల్సిన అవసరం లేదు.

ఆ అబ్బాయి నా అంచనా వమ్ము చేయలేదు. నెల తిరిగేలోగా స్నేహితుల కార్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది. వచ్చిన ప్రతి కారుకూ నాయన లేచాడు. ఆ కార్ల వెనక గొట్టాల మూతులు నేను తుడుస్తుంటే ఆయన కనీసం అటువైపు చూసేవాడు కాదు.

మొన్న ఆ అబ్బాయే మళ్ళీ వచ్చాడు. నాలుగు గొట్టాలకూ కొత్తగా నీలం తెప్పించుకున్నాడు. చూపించి మురిసిపోయాడు. గోడ పక్కన నిలబడ్డ నాయనను చూసి, "పెద్దాయనా, బాగున్నవా," అని పలకరించాడు. ఇన్ని రోజులుగా గొంతులో అడ్డం పడ్డదాన్ని కక్కేద్దామనుకున్నాను. కార్లన్నీ పోతే పోనీ అనుకున్నాను. నాయన దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాను.

"సార్, ఆరోజు నేను అబద్ధం చెప్పాను. ఈయన మా నాయన."

ఆ అబ్బాయి నన్నూ, ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. నేను తల దించుకున్నాను. నాయన నవ్వాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ గంగాళం బేరగాడి ముందు నవ్విన నవ్వే.

"పెద్దోళ్ళనందర్నీ అట్లే నాయనా అంటాడు సార్ మా ఓనరు," అన్నాడు. "మంచి మనిషి."

"గ్రేట్ అన్నా నువ్వు," అన్నాడు ఆ అబ్బాయి. నా చెయ్యి పట్టుకుని ఊపి, తాళం చేతిలో పెట్టాడు. నేను పోయి బానెట్ ఎత్తాను. లోపల అంతా శుభ్రంగానే ఉంది. నాయన ఇంకా నిలబడే ఉన్నాడు.